తెరుచుకోని తలుపు దగ్గర

2013 అక్టోబర్ 1న అమెరికాలో ఆరోగ్య బీమా సైటు హెల్త్‌కేర్ డాట్ గవ్ మొదలైంది. లక్షల మంది వచ్చారు. తొలిరోజు బీమాలో చేరగలిగింది ఆరుగురే. ప్లాన్లు పోల్చి చూసుకోవాలన్నా ముందు అకౌంటు తెరవాల్సిందే. దాంతో జనమంతా రిజిస్ట్రేషన్ దగ్గరే ఇరుక్కుపోయారు.

ఆ చిక్కు విప్పడానికి వెళ్లిన ఇంజినీర్ల పనితనమంటే నాకెంతో గౌరవం. సైటు ఎక్కడ నెమ్మదిస్తోందో, ఎక్కడ ఆగిపోతోందో చూపించే పర్యవేక్షణే అప్పటికి సరిగా లేదు. ముందు దాన్ని అమర్చారు. నాడి చూడనిదే మందివ్వని వైద్యుడి పద్ధతి అది. గూగుల్ నుంచి వచ్చిన మైకీ డికర్సన్ ఈ మరమ్మతు నడిచిన వార్ రూమ్‌కు మూడు నియమాలు పెట్టాడు: తప్పెవరిదన్న వాదన ఇక్కడ వద్దు; పెద్ద హోదా ఉన్నవాళ్లు కాదు, విషయం బాగా తెలిసినవాళ్లు మాట్లాడాలి; ఇవాళో రేపో ముంచుకొచ్చే సమస్యల మీదే దృష్టి పెట్టాలి. రెండోది నాకు మరీ ఇష్టం. లాగ్‌లో ఎర్రర్‌ను కళ్లారా చూసిన కుర్రవాడి మాటకు పైఅధికారి తల ఊపాలంటే పెద్ద మనసుండాలి.

లాగిన్ వ్యవస్థ సామర్థ్యం పెంచారు. ఎర్రర్లు ఒక్కొక్కటే తగ్గించుకుంటూ వచ్చారు. 2014 ఏప్రిల్‌కల్లా, రాష్ట్రాల సైట్లతో కలిపి, 80 లక్షల మంది బీమాకు నమోదయ్యారు.