ఆరు రోజుల రికార్డు

1977 మార్చి 10న లండన్‌లో బకింగ్‌హామ్ ప్యాలెస్ బయట ఒక బల్ల వేసి, సెక్స్ పిస్టల్స్ అనే పంక్ సంగీత బృందం ఎ అండ్ ఎమ్ రికార్డు కంపెనీతో ఒప్పందం మీద సంతకాలు పెట్టింది. అది కెమెరాల కోసం జరిగిన తంతు. అసలు సంతకాలు ముందురోజే అయిపోయాయి. 16వ తేదీకల్లా కంపెనీ భయపడి వాళ్లను వదిలించుకుంది. ఈలోగా ‘గాడ్ సేవ్ ద క్వీన్’ ఏడంగుళాల సింగిల్ సుమారు 25,000 ప్రతులు అచ్చయిపోయాయి. వాటిలో దాదాపు అన్నిటినీ నాశనం చేయించారు. సిబ్బంది చేతుల్లో మిగిలిన కొద్ది ప్రతులకే ఇవాళ వేలంలో వేల పౌండ్లు పలుకుతున్నాయి.

అదే పాటను మే నెలాఖరులో వర్జిన్ కంపెనీ విడుదల చేసింది. అది రాణి గద్దెనెక్కిన రజతోత్సవ సంవత్సరం. బీబీసీ పాటను నిషేధించినా అమ్మకాల పట్టికలో రెండో స్థానం దాకా వెళ్లింది. ఆ వర్జిన్ ప్రతి ఈనాటికీ సులువుగానే దొరుకుతుంది. పాట ఒకటే, గొంతు ఒకటే, ధరలో మాత్రం పోలికే లేదు. సంగీతం కోసమైతే ఎ అండ్ ఎమ్ ప్రతి వెంట పడనక్కర్లేదు. సేకర్తకు కావలసింది కంపెనీ చెరిపేయాలనుకున్న దాని ఆనవాలు.

ఆనవాళ్లు పట్టడమే ఈ విద్యలో అసలు పని. పాట ముగిసే గాడికీ లేబుల్‌కీ మధ్య నున్నటి ఖాళీ పట్టీ ఉంటుంది. రికార్డును దీపం కింద ఏటవాలుగా పట్టుకుంటే అక్కడ చెక్కిన అంకెలు, అక్షరాలు కనిపిస్తాయి. లక్క పూత పళ్లెం మీద గాడి కోయడం, దాని నుంచి లోహపు మాతృక, ఆ మాతృక నుంచి అచ్చుదిమ్మ తీయడం వరుసగా జరుగుతాయి. ఒక్కో దశ తన గుర్తు అక్కడ వదిలి పోతుంది.

బృందం తొలి సింగిల్ ‘అనార్కీ ఇన్ ద యు.కె.’ 1976 నవంబర్ 26న ఇ.ఎమ్.ఐ. నుంచి వచ్చింది. కుక్కబొమ్మ రికార్డులతో మన ఇళ్లకు తెలిసిన గ్రామఫోన్ కంపెనీ 1931 విలీనంలో చేరింది ఈ ఇ.ఎమ్.ఐ.లోనే. ఆ పాత పేరు వీళ్ల అచ్చుల్లో దాక్కుని ఉంది. గ్రామఫోన్ లిమిటెడ్ అన్న ఇంగ్లిషు పేరులోంచి తీసిన పది అక్షరాలే అంకెలు: జి అంటే 1, ఆర్ 2, ఎ 3, ఎమ్ 4, ఓ 5, పి 6, హెచ్ 7, ఎల్ 8, టి 9, డి సున్నా. లేబుల్‌కు ఎడమ పక్కన మాతృక సంఖ్య, కుడి పక్కన ఈ అక్షరాలు ఉంటాయి. ‘జి ఓ’ అని కనిపిస్తే పదిహేనో అచ్చుదిమ్మ. చిన్న సంఖ్య అయితే మొదట్లో అచ్చయిందని అనుకోవచ్చు గానీ బల్లగుద్ది చెప్పకూడదు. ఒకేసారి నాలుగైదు దిమ్మలు యంత్రాలెక్కేవి.

‘అనార్కీ’ విషయంలో లేబుల్ కూడా చదవాలి. బొమ్మలేమీ లేని నల్ల కవరులో వచ్చిన తొలి ప్రతుల మీద రెండు వైపులా నిర్మాతగా క్రిస్ థామస్ పేరే పడింది. రెండోవైపు పాట నిర్మాత నిజానికి డేవ్ గుడ్‌మన్. తర్వాత దిద్దారు. అచ్చుతప్పు ఉన్న ప్రతికే గిరాకీ! ఆ డిసెంబర్‌లో బృందం టీవీలో బూతులు మాట్లాడి గొడవ అయ్యాక, ఇ.ఎమ్.ఐ. హేస్ ఫ్యాక్టరీలో ప్యాకింగు చేసేవాళ్లు ఈ రికార్డును ముట్టుకోబోమన్నారు. జనవరిలో ఇ.ఎమ్.ఐ. కూడా బృందాన్ని వదిలేసింది.

1977 అక్టోబర్‌లో వచ్చిన వాళ్ల ఆల్బమ్‌ది ఇంకో తిరకాసు. తొలి ప్రతుల్లో పదకొండే పాటలు. ‘సబ్‌మిషన్’ అనే పన్నెండోది ఒకవైపే గాడి ఉన్న విడి సింగిల్‌గా, ఒక పోస్టరుతో పాటు లోపల పెట్టారు. ఇప్పుడు పోస్టరు ఉంటే సింగిల్ ఉండదు, సింగిల్ ఉంటే పోస్టరు ఉండదు. కుర్రాళ్లు పోస్టరు గోడకంటించారు మరి. దాని పని అదే కదా.

ధర పెరిగిన చోట నకిలీ తప్పదు. ఎ అండ్ ఎమ్ ప్రతికి నకిలీలు కొల్లలు. లేబుల్ ముద్రణ మసకబారినట్టుందా, పట్టీ మీది గీతలు తెలిసిన అసలుతో సరిపోతున్నాయా, ఆ ప్రతి ఎవరి చేతి నుంచి ఎవరికి వచ్చింది అన్నవి చూడాలి. చివరిదానికి కాగితం లేకపోతే మిగతా రెండూ బాగున్నా నేనైతే కొనను.

కావాలని పుట్టించే అరుదుదనం మీద నాకు గౌరవం తక్కువ. 2022లో రాణి ప్లాటినం జూబ్లీకి ‘గాడ్ సేవ్ ద క్వీన్’ ఎ అండ్ ఎమ్ రూపాన్ని మళ్లీ వేశారు, సరిగ్గా 1,977 ప్రతులు. అంకె ముచ్చటగానే ఉంది గానీ అందులో ఎవరి భయమూ లేదు, ఎవరి పొరపాటూ లేదు. దీనికి పూర్తిగా ఎదురు దారి పట్టినవాడు బృందం మేనేజర్ మాల్కమ్ మెక్‌లారెన్ కొడుకు జో కోరే. పంక్‌ను మ్యూజియం సరుకు చేస్తున్నారన్న కోపంతో, ‘అనార్కీ’ వచ్చి నలభై ఏళ్లు నిండిన రోజున, 50 లక్షల పౌండ్ల విలువైనదని తాను చెప్పిన సేకరణను థేమ్స్ నది మీద పడవలో తగలబెట్టాడు. కోపం అర్థమవుతుంది. కానీ ఆ సరుకును ఒకసారి నాశనం చేయించినవాళ్లు కంపెనీ పెద్దలే. వాళ్ల పనినే ఇతనూ పూర్తిచేశాడేమో అనిపిస్తుంది.