గళ్ళలో పట్టని భీముడు

'భీమాయణ' పుస్తకం గురించి మన సభల్లో మాట్లాడేవాళ్ళు అంబేద్కర్ గురించి మాట్లాడి ఊరుకుంటారు. మరి ఆ బొమ్మలు గీసిందెవరు, ఎట్లా గీశారు అని అడిగితే "గోండు కళ, బాగుంది" అంటారు. అంతే. మాట రాసేవాడికి ఆలోచన ఉంటది, చేత్తో గీసేవాళ్ళకు చెయ్యి మాత్రమే ఉంటది అన్న నమ్మకం ఎక్కడిదో ఈ పత్రిక పాఠకులకు నేను చెప్పనక్కర లేదు. కులమంటే పనుల విభజన మాత్రమే కాదు, పని చేసే మనుషుల విభజన అని 1936లోనే తేల్చిచెప్పినవాడు అంబేద్కర్. ఆయన కథ చెప్పే పుస్తకం దగ్గరే మనం ఆ విభజన పాటిస్తున్నాం.

2011లో నవయాన ప్రచురించిన ఈ పుస్తకానికి శ్రీవిద్య నటరాజన్, ఎస్. ఆనంద్ కథ రాశారు. దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ దంపతులు బొమ్మలు గీశారు. కథకు ఆధారం అంబేద్కర్ స్వయంగా రాసుకున్న 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' జ్ఞాపకాలు. 1901లో తండ్రిని చూడబోతూ దారిలో నీళ్ళు పుట్టని పిల్లవాడు, 1917లో విదేశీ చదువుతో తిరిగొచ్చి బరోడాలో తల దాచుకునే చోటు దొరకని ఉద్యోగి, 1929లో చాలీస్‌గావ్‌లో టాంగా తోలేవాళ్ళు ఎక్కించుకోని నాయకుడు. నీళ్ళు, నీడ, ప్రయాణం. ఇంతే కథ. పెద్దలకూ పనికొస్తుంది గాని పిల్లల చేతుల్లో పెట్టాల్సిన పుస్తకం.

దుర్గాబాయి మధ్యప్రదేశ్‌లోని మండ్లా జిల్లా మనిషి. బడికి పోలేదు. పెళ్ళిళ్ళకు, పండుగలకు ఇంటి గోడల మీద, నేల మీద వేసే 'దిగ్నా' ముగ్గుల్ని ఇంట్లో పెద్ద ఆడవాళ్ళ దగ్గర నేర్చుకుంది. వాళ్ళు పర్ధాన్ గోండులు. మన ఆదిలాబాద్‌లో కిక్రి వాయిస్తూ గోండుల వంశకథలు పాడే పర్ధాన్లు తెలుసు గదా, ఆ తెగ పేరే. యజమానుల ఇంటి చరిత్ర గుర్తు పెట్టుకొని వాళ్ళ ముందే పాడి బతకడం ఆ తెగ వృత్తి. ఇతరుల కథను తమ గొంతులో మోయడం వాళ్ళకు కొత్త కాదన్నమాట. పైగా దుర్గాబాయికి మనతో ఇంకో సంబంధం ఉంది. కంచ ఐలయ్య శ్రమ గౌరవం మీద పిల్లల కోసం ఇంగ్లీషులో రాసిన పుస్తకానికి 2007లో బొమ్మలు వేసింది ఆమెనే. కుండ, తోలు, మగ్గం, చాకిరేవు గీసిన చెయ్యే తర్వాత భీముడి దాహం గీసింది.

ఇక పని ఎట్లా సాగిందంటే, పుస్తకం చివర ఆనంద్ కొంత చెప్పాడు. మొదట వాళ్ళకు పేరున్న దేశదేశాల బొమ్మల నవలలు చూపించారట. అవి వాళ్ళకు పట్టలేదు. పేజీని గళ్ళు గళ్ళుగా కోసి, ఒక్కో గడిలో మనిషిని నిలబెట్టడం తమ వల్ల కాదన్నారు. అట్లా బిగిస్తే మనుషులకు ఊపిరాడదన్నారు. 1979లో అమర్ చిత్రకథ వాళ్ళు కూడా అంబేద్కర్ కథ వేశారు. అది గళ్ళలోనే నడుస్తుంది. ఇక్కడ గడి లేదు. పేజీ మధ్య నుంచి దిగ్నా వంపులు తిరుగుతూ పోతాయి. ఒక సంఘటనను ఇంకో సంఘటన నుంచి వేరు చేసేది ఆ వంపే, కలిపేదీ ఆ వంపే.

దీన్ని చాలామంది జానపద అమాయకత్వం కింద జమ కట్టారు. నేనొప్పుకోను. గీత గీసి ఇటువైపు నువ్వు, అటువైపు నేను అని చెప్పడమే ఊరికీ వాడకూ మధ్య జరిగేది. మా తెలంగాణలో దొర ఇంటిని కూడా గడీ అనే అంటాం, మాట కలవడం యాదృచ్ఛికమే అనుకోండి. అంబేద్కర్‌ని గళ్ళలో పెట్టం అని చెప్పడం కథను చదివి చేసిన నిర్ణయం. దాన్ని సాహిత్య విమర్శ అనాలి. కలంతో కాక కుంచెతో చేసిన విమర్శ.

అట్లాంటి నిర్ణయాలు పుస్తకం నిండా ఉన్నాయి. దాహంతో ఉన్న పిల్లవాడి ఒళ్ళు చేపగా మారుతుంది. నీళ్ళు లేని చేప ఏమైతదో ఏ పిల్లకైనా చెప్పాలా? 1927 మహద్ చెరువు దగ్గర అంబేద్కర్ మాట్లాడుతుంటే మైకుల నుంచి మాటలకు బదులు నీళ్ళు చిమ్ముతాయి. రైలు పాము, కోట కోరల మృగం. ఒక పూట కూర్చొని రాత చదివి గీస్తే ఇవి రావు. కథను ఒంట్లోకి తీసుకోవాలి. నా చిన్నప్పటి వాచకంలో అమ్మ బొమ్మ కుచ్చిళ్ళ చీరలో గ్యాస్ పొయ్యి ముందుండేది. మా అమ్మ గోచి పెట్టుకొని నాటుకు పోయేది. ఆ బొమ్మ గీసినాయన చెడ్డవాడు కాకపోవచ్చు. ఎవరి అమ్మను గీస్తున్నానని ఒక్కసారి ఆగి ఆలోచించి ఉండడు. వ్యామ్ దంపతులు ఆగారు, అదీ తేడా.

కాని నాకు రెండు పేచీలున్నాయి. ఒకటి, ఈ పని ఎట్లా జరిగిందో మనకు చెప్పింది ప్రచురణకర్త. అట్ట మీద బొమ్మలు వేసినవాళ్ళ పేర్లుండటం మంచిదే, మన దేశంలో ఎన్ని పుస్తకాలకు ఆ మాత్రం గౌరవం ఉంది! అయినా ఎందుకు గీశామన్నది వాళ్ళ నోటి నుంచి రావాల్సింది. 2022లో దుర్గాబాయికి పద్మశ్రీ వచ్చింది. బిరుదిచ్చినవాళ్ళూ ఆమె చేతినే చూశారు.

రెండోది మాటల బుడగలు. కులం బాధితుల మాటలు పిట్ట ఆకారంలో ఉంటాయి. కులాన్ని ప్రేమించేవాళ్ళ మాటలకు తేలు కొండి ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు చప్పట్లు కొట్టాలనిపించింది. తర్వాత నిద్ర పట్టలేదు. నేను పీహెచ్‌డీ ఇంటర్వ్యూకి పోయినప్పుడు ఒక పెద్దమనిషి ఎంతో చల్లగా "మీ నాన్నగారు ఏం చేస్తారు బాబూ?" అన్నాడు. చెప్పినంక ఇంకో ప్రశ్న అడగలేదు. ఆ మాటకు ఏ బుడగ వేయాలి? అది వినడానికి పిట్టే. 1901 నాటి కులానికి కొండి కనబడేది. ఇప్పటి కులం మెత్తగా మాట్లాడుతుంది, నవ్వుతుంది, భుజం మీద చెయ్యి వేస్తుంది. పుస్తకంలో బస్టాపు దగ్గర రిజర్వేషన్ల మీద ఇద్దరి వాదన వచ్చే ఈనాటి పేజీల్లో బొమ్మలు కొంచెం చప్పబడ్డాయని నాకనిపించడానికి కారణం ఇదే కావచ్చు. అక్కడ రాత ముందు నడుస్తుంది, గీత వెనక నడుస్తుంది.

ఈ మాటలు నేనొక్కణ్ణే ఆలోచించి రాయలేదు. మా వాడలో రాత్రిబడి పిల్లలకు ఈ పుస్తకం చూపించి, చార్టు పేపర్లిచ్చి, మీ ఊరి కథ గీయండి అన్నాను. ఆరో తరగతి పిల్ల ఒకతె హోటల్ గీసింది. బల్ల, పొయ్యి, హోటలాయన, చూరుకు విడిగా వేలాడే గ్లాసు. తేలు కొండి గీసింది గాని, దాన్ని హోటలాయన మాటకు పెట్టలేదు, గ్లాసుకు పెట్టింది. ఆయన దగ్గర అసలు బుడగే లేదు. ఎందుకమ్మా, ఆయనకు మాట రాయలేదేంది అని అడిగాను.

"ఆయన ఏమనడు సార్, గ్లాసు దిక్కు చూస్తడు, అంతే" అంది.