'ధనత్రయోదశి'లో స్త్రీ: గుణము, నేర్పు

భండారు అచ్చమాంబ (1874-1905) నాటి కృష్ణా మండలమందలి పెనుగంచిప్రోలున జన్మించినది. ఆమె రచించిన 'ధనత్రయోదశి' 1902లో 'హిందూసుందరి' పత్రికలో వెలువడినది. తొలి తెలుగు కథ యేది యను చర్చలో దీని పేరు తరచుగా వినబడుచున్నది. ఇందు స్త్రీకిని ధనమునకును గల సంబంధమెట్టిదను ప్రశ్న యంతకంటె విచారింపదగినదని నా యభిప్రాయము.

కథలో భర్త గుమాస్తా. అతడు అక్రమముగా తెచ్చిన ధనమును భార్య నిరాకరించును. ధనము భర్త చేతిమీదుగనే యింటికి రావలెను. భార్యకు గల యధికారము దానిని కాదనుట వఱకే. ఆమె గుణము వెలిగినంతగా నేర్పు వెలుగదు. 'అబలా సచ్చరిత్ర రత్నమాల' (1901)లో స్త్రీలు మందమతులను నిందను ఖండించిన రచయిత్రి కథలో నింతటితో నాగుట గమనింపదగినది. ఇది నాటి సంఘము గీచిన హద్దు. ఆ హద్దు నేటి విమర్శకును సంక్రమించుట తగదు.

జీవితచరిత్రలందును ఇట్టి లోపమే పొసగవచ్చును. అయ్యలసోమయాజుల లలిత (1919-1979) 18వ యేట భర్తను కోల్పోయి, పసికూనతో మద్రాసు చేరి, గిండీ ఇంజనీరింగు కళాశాలలో విద్యుచ్ఛాస్త్రము నభ్యసించి 1943లో పట్టము పొందినది. ఆమె యోర్పును మాత్రమే కీర్తించి, ఆమె చేసిన విద్యుత్ ప్రసార మార్గముల రూపకల్పనను విడిచిన చరిత్ర సగము చరిత్రయే.

పేరులేని స్త్రీల వృత్తుల విషయమున నీ లోపము మఱింత హానికరము. నూజివీడు ప్రాంతమునందలి ముసునూరు మామిడితోటల సీమ. ఆవకాయకు తగిన పుల్లని కాయ నేరుట, టెంకతో ముక్క కొట్టుట, తడి లేకుండ తుడుచుట, నూనె పైకి తేలియుండునట్లు చూచి గాలి సోకనీయకుండుట: ఇవన్నియు ఆహారమును చెడకుండ నిలువచేయు శాస్త్రమునకు చెందినవే. ఇంట చేసిన 'ఆడవారి పని'. కర్మాగారమున చేసిన 'పరిశ్రమ'. పేరుతోపాటు కూలియు పరపతియు మారుచున్నవి.

2008లో స్థాపితమైన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయమునకు నూజివీడున ప్రాంగణము కలదు. పల్లెల బాలికలు అచట ఇంజనీరింగు చదువుచున్నారు. వారి తల్లుల నేర్పును గూడ శాస్త్రముగ గుర్తించు భాషను మనము సమకూర్పవలెను. భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1962లో వ్యవసాయ పదములతో 'మాండలిక వృత్తిపదకోశము'నకు శ్రీకారము చుట్టిరి. ఆ పద్ధతినే మన పరిశోధక విద్యార్థులు ఊరగాయలు పట్టు ముంగిళ్లకు కొనిపోవలెను. కథలో స్త్రీపాత్రను పరిశీలించునపుడు ఆమె యెట్టిదని యడుగుటతోపాటు ఆమెకే పని వచ్చునని కూడ నడుగవలెను.