వంత పాడటమంటే తలూపడం కాదు

మొన్న రాబర్ట్‌సన్‌పేటలో ఒక కంపెనీ డీలర్ల మీటింగుకి వెళ్లాను. గంటసేపు తెర మీద గ్రాఫులు నడిచాయి, వెనక వరసలు ఫోన్లలో మునిగాయి. తర్వాత ‘ఇప్పుడు బుర్రకథ’ అన్నారు. ప్రాణం లేచొచ్చింది. తీరా చూస్తే తీగలు లేని తంబురా, రికార్డు పాటకు పెదాలు కదిపే ముగ్గురు. కంపెనీ పేరు వచ్చినప్పుడల్లా ఇద్దరు వంతలూ ‘ఆహా, ఓహో’ అన్నారు. కడుపు మండిపోయింది.

వంత ఉన్నది అందుకా?

నడుమ తంబురాతో, వేళ్లకు అందెలతో కథకుడు. చెరో పక్కనా గుమ్మెటలతో వంతలు. ఒకరిది హాస్యం, ఒకరిది రాజకీయం. జంగం కథ నుంచి వచ్చిందంటారు, సొరకాయ బుర్ర వల్ల ఆ పేరంటారు. అదలా ఉంచండి. అసలు విద్య ఆ ఇద్దరి నోళ్లలో ఉంది.

చిన్నప్పుడు ముళబాగిలు దగ్గర ఒక పల్లెలో బీమా మీద చెప్పిన కథ ఇంకా కళ్లముందే ఉంది. కథకుడు పాలసీ గొప్పలు పాడుతుంటే హాస్యం వంత గుమ్మెట ఆపేశాడు. ‘అన్నా, నేను పోయాక వచ్చే డబ్బు నాకెందుకే?’ జనం గొల్లుమన్నారు. కథకుడు తంబురా దించి, మగదిక్కు లేని ఒక ఇంటి పిట్టకథ ఎత్తుకున్నాడు. దరువు నెమ్మదించింది. నవ్విన నోళ్లే మూతపడ్డాయి. అప్పుడు రెండో వంత అడిగాడు: ‘మరి నడుమ కట్టలేకపోతే కట్టిన సొమ్ము గతేంటన్నా?’ అరుగు మీదున్న ప్రతి రైతు కడుపులోనూ ఉన్న ప్రశ్న అదే! కథకుడు షరతును వచనంలో తేటగా చెప్పి, వాయిదా అంకెను దరువులో పాడాడు. వంతలు అందుకున్నారు. మర్నాడు బావి దగ్గర ఆడవాళ్లు ఆ అంకెను పాడుకుంటూ నీళ్లు తోడారు. ఏ స్లైడు చేస్తుంది ఆ పని?

పొన్నెకల్లు షేక్ నాజర్ ఈ కళను శిఖరానికి ఎక్కించారు. 1943లో పుట్టిన ప్రజానాట్యమండలి గొంతు ఆయన. అల్లూరి కథ, పల్నాటి యుద్ధం ఆయన నోట వినాలి. 1986లో పద్మశ్రీ వచ్చింది, నన్నడిగితే అదీ తక్కువే. ఒకప్పుడు మద్రాసు ప్రభుత్వం, నిజాం సర్కారు బుర్రకథను నిషేధించాయి. తలూపే కళను ఎవరైనా నిషేధిస్తారా?

హరికథాభిమానులు కోప్పడినా చెబుతాను. రెండు చేతులా రెండు కాళ్లా వేర్వేరు తాళాలు వేస్తూ పాడిన ఆదిభట్ల నారాయణదాసుగారికి వేల దండాలు. కానీ హరికథ ఒంటి మనిషి ఏలుబడి. అమ్మేవాడికి అడ్డు తగిలే మనిషి పక్కనే ఉండాలి. అందుకే నా ఓటు బుర్రకథకు.

కోలారు టమోటా మండీలో వేలాన్ని ‘పాట’ అనే భాష మనది. 2001 ఫిబ్రవరి 28న ఇక్కడి బంగారు గనులు మూతపడ్డాక మావాళ్లెందరో మారికుప్పంలో రైలెక్కి బెంగళూరు ఆఫీసులకు పోతున్నారు. నరసాపుర, వేమగల్‌లలో ఫ్యాక్టరీలు లేచాయి. మీటింగులకు కొదవలేదు. అద్దె అలంకారాలకు పోసే డబ్బుతో నిజమైన దళాలను పిలవండి బాబూ! రెండు రోజులు ముందే రప్పించి సరుకు చూపించండి. కొన్నవాళ్ల ఫిర్యాదులు దాచకుండా వంత చేతిలో పెట్టండి. సభలో అతను మీ మేనేజరును ఆపి అడిగితే, మైకు లాక్కోకండి.