పట్టేసిన పిన్ను, పని తెలిసిన చెయ్యి

పాత అంబాసిడర్ తలుపు మూసేటప్పుడు చేత్తో కాస్త పైకెత్తి నెట్టాల్సి వస్తోందంటే ముందు చూడాల్సింది తాళాన్ని కాదు, కీళ్లలోని పిన్నుల్ని. వేలెడంత పొడవుండే ఆ ఇనుప ముక్క అరిగితే తలుపు వాలుతుంది. కొత్త పిన్ను చేయించడం పెద్ద పనేమీ కాదు, ఏ లేత్ షాపులోనైనా పూటలో అయిపోతుంది. చిక్కంతా పాతదాన్ని బయటికి తీయడంలో ఉంది. నలభై యాభై ఏళ్లుగా కదలని పిన్ను సుత్తి దెబ్బకు రాదు. రాకపోతే గ్యాస్ కట్టర్ తెచ్చి కీలును కోసేసి, కొత్త కీలు వెల్డింగ్ చేయడం సులువుగా తోస్తుంది. చాలా పాత కార్లు పాడయ్యేది సరిగ్గా అక్కడే అని నా నమ్మకం. పట్టేసిన పిన్నును కోయకుండా, పగలగొట్టకుండా తీయడం ఒక విద్య. అనంతపురం సీమలోని హిందూపురం, పెనుకొండ, ధర్మవరం లాంటి ఊళ్లలో రోడ్డు పక్క షెడ్లు, లేత్ షాపులు ఇలాంటి పనితనాన్ని ఇంకా నిలబెడుతున్నాయి. పక్కనే కొత్త కార్ల ఫ్యాక్టరీ నడుస్తున్న ఈ కాలంలో దాని విలువ తగ్గిందనుకోవడం పొరపాటు.

ఇంత చిన్న పిన్నుకు అంత ప్రాధాన్యం ఎందుకో కొంచెం లెక్క వేసి చూస్తే తెలుస్తుంది. తలుపు బరువు 25 కిలోలు అనుకుందాం. ఆ బరువు కేంద్రం కీళ్లకు అర మీటరు అవతల ఉంటుంది. పై కీలుకూ కింది కీలుకూ మధ్య దూరం 40 సెంటీమీటర్లు అనుకుంటే, పై పిన్నును బయటికి లాగే బలం 31 కిలోలు దాటుతుంది. కింది పిన్నును అంతే బలం లోపలికి నెడుతుంది. తలుపు తెరిచినా మూసినా ఇది ఆగదు. దీనివల్ల పిన్ను ఒక పక్కనే అరుగుతుంది. పై కీలులో ఒక్క మిల్లీమీటరు వదులు వస్తే, మీటరు పొడవున్న తలుపు తాళం దగ్గర రెండున్నర మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. తాళం పళ్లు సరిగా కలవకపోవడానికి అది చాలు. ఇంకో సంగతి. పిన్ను కీలులోని ఒక రెక్కలో బిగుతుగా ఉండాలి, రెండో రెక్కలో తిరగాలి. అందుకే చాలా పిన్నుల తల కింద సన్నని గీతలు చెక్కి ఉంటాయి, అవి బిగుతు రెక్కను పట్టుకుంటాయి. తిరగాల్సిన రెక్కలో కూడా పిన్ను పట్టేస్తే, తలుపు తెరిచిన ప్రతిసారీ ఆ మెలి తిరిగే బలం కీలును మోసే పిల్లరు రేకు మీద పడుతుంది. కొన్నాళ్లకు రేకు చీలుతుంది. వాలిన తలుపుతో ఎలాగో సర్దుకోవచ్చు గానీ చీలిన పిల్లరుతో సర్దుకోలేం.

పిన్ను ఎందుకు పట్టేసిందన్నది తెలియకుండా చెయ్యి పెట్టకూడదు. ఇక్కడ ఊరి వాతావరణం కూడా లెక్కలోకి వస్తుంది. ఇనుము తుప్పుగా మారితే దాని పరిమాణం రెండింతలు దాటుతుంది. రంధ్రానికీ పిన్నుకూ మధ్య ఉన్న వెంట్రుకవాసి సందు ఆ తుప్పుతో నిండిపోయి, పిన్నును అన్ని వైపులా నొక్కి పెడుతుంది. విశాఖలోనో మద్రాసులోనో ఉప్పుగాలి తిన్న కారుకు ఇదే ప్రధాన జబ్బు. అనంతపురం సీమ సంగతి వేరు. ఇక్కడ ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది, దేశంలో బాగా తక్కువ వాన పడే ప్రాంతాల్లో ఇదొకటి. ఇలాంటి చోట పుట్టి పెరిగిన కారు కీలులో తుప్పు కంటే ఎక్కువగా ఉండేది ఎండిన గ్రీజు. ఆ గ్రీజులో దుమ్ము చేరి, ఎండలకు జిడ్డంతా ఆరిపోయి, సిమెంటులా గట్టిపడి ఉంటుంది. రెండు జబ్బులకూ ఒకే మందు పనికిరాదు. ఎండిన గ్రీజు డీజిలుకో కిరసనాయిలుకో నానుతుంది, కాస్త వేడికి మెత్తబడుతుంది. తుప్పు వాటికి అంత తేలిగ్గా లొంగదు, దాన్ని పగలదీయాలి. కీలు చుట్టూ గీరి చూస్తే నల్లగా పొడి రాలుతోందా, ఎర్రగా రాలుతోందా అన్నదే మొదటి సాక్ష్యం. కారు ఇక్కడిదా, కోస్తా నుంచి కొని తెచ్చిందా అని షెడ్డులో అడిగితే అది కబుర్ల కోసం కాదు. ఆ జవాబు మీద పని తీరు ఆధారపడి ఉంటుంది.

ఇక పని. ముందు తలుపు బరువు పిన్నుల మీద నుంచి పోవాలి. తలుపు అడుగున చెక్క ముక్క, దాని మీద మందపాటి గుడ్డ, కింద జాకీ పెట్టి, తలుపు ఊగకుండా బరువు మోసేంత వరకే ఎత్తుతారు. ఒక్క పిసరు ఎక్కువ ఎత్తినా పిన్ను అవతలి పక్కకు ఒరుసుకుని మళ్లీ బిగుస్తుంది. ఆ తర్వాత పిన్ను రెండు కొనలూ శుభ్రంగా గీరి చూడాలి. గీతలున్న తల ఏ పక్క ఉందో, పిన్ను ఆ పక్కకే రావాలి. రెండో కొనను కొట్టి వెడల్పు చేసి ఉంటే ముందు ఆకురాయితో ఆ పెదవిని అరగదీయాలి. కొన్ని బండ్లలో పిన్నును అడ్డంగా పట్టుకునే చిన్న మర రంగు పొరల కింద దాక్కుని ఉంటుంది. దాన్ని చూడకుండా ఎంత కొట్టినా లాభం లేదు. ఇవన్నీ అయ్యాక పైనుంచి నూనె పోసి వదిలేయాలి. ఒక పూట చాలదు, రెండు మూడు రోజులు, రోజూ కాస్త కాస్తగా. డబ్బాల్లో దొరికే స్ప్రేలు పనిచేస్తాయి. గేర్ బాక్సులో వాడే ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ నూనెలో సమానంగా అసిటోన్ కలిపిన మిశ్రమాన్ని కూడా పాత బండ్ల పనివాళ్లు ప్రపంచమంతటా వాడతారు. అది మంటకు చటుక్కున అంటుకుంటుంది కాబట్టి, పోసిన రోజు ఆ చుట్టుపక్కల టార్చ్ వెలిగించకూడదు. నానే రోజుల్లో సుత్తితో కీలు మీద చిన్నగా తడుతూ ఉండాలి. ఆ అదురుకే నూనె సందుల్లోకి దిగుతుంది.

అప్పటికీ కదలకపోతే వేడి. దీని వెనక సూత్రం చిన్నదే. పది మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న ఉక్కు రెక్కను 200 డిగ్రీలు ఎక్కువ వేడి చేస్తే ఆ రంధ్రం దాదాపు 0.024 మిల్లీమీటర్లు పెద్దదవుతుంది. తలవెంట్రుక మందంలో మూడో వంతు మాత్రమే, కానీ గట్టిపడిన పొరను పగలదీయడానికి అదే చాలు. షరతు ఒకటి: రెక్క వేడెక్కాలి, పిన్ను వేడెక్కకూడదు. నిదానంగా కాలిస్తే రెండూ కలిసే పెరుగుతాయి, ఫలితం సున్నా. సన్నని మంటతో, చకచకా, రెక్క చుట్టూ తిప్పుతూ కాల్చి, వెంటనే తీసేయాలి. పక్కన తడిగుడ్డ కప్పకపోతే రంగు పొంగుతుంది, అద్దం పగులుతుంది, తలుపు లోపలి గుడ్డ అంటుకుంటుంది. వేడి మీద ఉండగా పిన్ను పక్క సందుకు కొవ్వొత్తిని ఆనిస్తే మైనం కరిగి, లోపలికి పీల్చినట్టు మాయమవుతుంది. ఎదురుగా చూస్తే తప్ప నమ్మబుద్ధి కాదు. నూనె చేరని చోటికి కూడా ఆ మైనం చేరుతుంది. తర్వాత పిన్ను కంటే కొంచెం సన్నగా, పొట్టిగా ఉన్న పంచ్ పెట్టి, కీలు అవతలి పక్క బరువైన ఇనుప దిమ్మె ఆనించి, ఒక్క గట్టి దెబ్బ కొట్టాలి. వెనక దిమ్మె లేకుండా కొడితే దెబ్బంతా పిల్లరు రేకు మింగేస్తుంది. వరసగా చిన్న దెబ్బలు కొడితే పిన్ను కొన నలిగి వెడల్పై ఇంకా బిగుస్తుంది. సి-క్లాంపుకు ఒక పక్క పిన్ను కంటే పెద్ద సాకెట్, రెండో పక్క సన్నని కడ్డీ పెట్టి బిగించి, ఆ బిగువు మీద పక్కనుంచి ఒక్కసారి తట్టే పద్ధతి నాకు అన్నింటికంటే మేలైనదిగా కనిపిస్తుంది. అందులో కీలు వంగే ప్రమాదం తక్కువ. మొదటి పిన్ను రాగానే ఆ రంధ్రంలో తాత్కాలికంగా ఒక నున్నని కడ్డీ దూర్చాకే రెండో దాని జోలికి వెళ్లాలి, లేకపోతే తలుపు ఒక్క కీలు మీద వేలాడి దాన్ని మెలి తిప్పేస్తుంది. ఏదీ పనిచేయని రోజున రెక్కల మధ్య సందులో హ్యాక్‌సా బ్లేడు దూర్చి పిన్నును కోసి, కీలును విప్పి, డ్రిల్లు కింద పెట్టడమే. అలా చేసినా పోయింది పిన్నే, కీలు దక్కింది.

ఇంత తంటా ఎందుకు, కోసేసి కొత్త కీలు అతికిస్తే గంటలో అయిపోదా అని అడిగేవాళ్లున్నారు. గంటలో అవుతుంది, నిజమే. కానీ పాత కీలు రెక్కలు ఉన్న చోటే తలుపుకూ బాడీకీ మధ్య సందు ఎంత ఉండాలో నిర్ణయమై ఉంది. ఫ్యాక్టరీలో ఒకసారి కుదిరిన ఆ అమరికను వెల్డింగ్ వేడి చెరిపేస్తుంది. పిల్లరు రేకు మెలికపడుతుంది. తర్వాత ఎన్ని వాషర్లు పెట్టి సర్దినా ఒక మూల సందు ఎక్కువ, ఒక మూల తక్కువ. ధర్మవరం మగ్గం మీద పడుగు అయిపోయినప్పుడు కొత్త పడుగు పోగుల్ని పాత పోగుల కొసలకు ఒక్కొక్కటిగా అతుకుతారు. అన్నిటినీ తీసేసి మొదటి నుంచి దూర్చడం కంటే, పాత వరసను దారిగా వాడుకోవడం తెలివైన పని అని నేతవాళ్లకు తెలుసు. పిన్ను తీయడమూ అదే: పాత వరసను చెదరగొట్టకుండా పాడైన ముక్కను మాత్రమే మార్చడం. ఇప్పుడు దీనికి చట్టపరమైన బలం కూడా వచ్చింది. కేంద్ర ప్రభుత్వం 2021 జులైలో వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలకు నంబరులో ‘వీఏ’ అక్షరాలు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము 20,000 రూపాయలు. చాసీలో, బాడీ షెల్లులో, ఇంజన్లో పెద్ద మార్పులు జరిగి ఉంటే ఆ హోదా దక్కదు. పిల్లరును కోసి అతికించిన కారు పరీక్షకు నిలబడినప్పుడు, ఆ గంట ఆదా ఎంత ఖరీదైందో యజమానికి తెలుస్తుంది.

దీనికంటే బరువైన అభ్యంతరం మరొకటి ఉంది. పొగ కక్కే పాత బండ్లను బతికించడం ఎందుకు, తుక్కుకు పంపడమే సమాజానికి మంచిది కదా అని. రోజూ రోడ్డెక్కే పాత టాక్సీల విషయంలో ఈ మాటను కాదనలేను. అయితే వింటేజ్ హోదా ఉన్న వాహనాన్ని రోజువారీ ప్రయాణాలకూ, కిరాయికీ వాడకూడదని అదే నిబంధనల్లో ఉంది. ఏడాదికి నాలుగైదు ప్రదర్శనలకు బయటికొచ్చే కారు పొగ ఊరిని ముంచదు. పైగా 1950ల చివరలో ఉత్తరపారాలో మొదలై 2014లో ఆగిపోయిన అంబాసిడర్‌ను మళ్లీ ఎవరూ తయారు చేయరు. ఉన్నవాటిలో మంచివి కొన్నయినా అసలు రూపంలో నిలబడాలి. వాటిని నిలబెట్టగలిగేది జేబులో డబ్బున్న యజమాని ఒక్కడే కాదు, పిన్నును ఓపికగా నానబెట్టే పనివాడు కూడా.

ఇక మొదట్లో చెప్పిన కొత్త కార్ల ఫ్యాక్టరీ సంగతి. పెనుకొండ సమీపంలోని ఎర్రమంచి దగ్గర కియా ఫ్యాక్టరీకి 2017లో ఒప్పందం జరిగింది. 2019 ఆగస్టులో అక్కడి నుంచి సెల్టోస్ కారు బయటికొచ్చింది. మొదట్లో దాని సామర్థ్యం ఏడాదికి మూడు లక్షల కార్లు. ఇలాంటి చోట పాత పిన్నుల విద్య ఎవరికి కావాలని యువకులు అడిగితే, నా జవాబు ఇది. ఇప్పటి కార్ల తయారీలో చాలా చోట్ల రంగు వేశాక తలుపుల్ని విప్పి, లోపలి సామాను బిగించాక మళ్లీ అమరుస్తారు. విప్పడం తేలికగా ఉండేలా కీళ్లను ముందే రూపొందిస్తారు. ఆ రూపకల్పన ఎందుకు అవసరమైందో, అలా రూపొందించని కీలు మీద పనిచేసిన వాడికే లోతుగా అర్థమవుతుంది. బిగించడం నేర్పే చోట్లు చాలా ఉన్నాయి. పట్టేసినదాన్ని విప్పడం మాత్రం పుస్తకంలో ఒక పేరాతో సరిపెడతారు. ఐటీఐల్లో మోటార్ మెకానిక్ కోర్సు రెండేళ్లు సాగుతుంది. అందులో ఒక వారం, పాత బండ్ల నుంచి కోసి తెచ్చిన పిల్లరు ముక్కల మీద, కీళ్లతో సహా, ఈ పని చేయించవచ్చు. ఒకటి తుప్పు పట్టినది, ఒకటి గ్రీజు ఎండినది ఇచ్చి, ఏది ఏదో ముందు చెప్పమనాలి. మార్కులు పిన్ను వచ్చిన వేగానికి కాకుండా, వచ్చాక రెక్క రంధ్రం ఎంత గుండ్రంగా మిగిలిందన్న దానికి ఇవ్వాలి. తర్వాత లేత్ మీద గన్‌మెటల్ బుష్షు తిప్పించి, కొత్త పిన్ను వేయించి, గ్రీజు పెట్టించాలి. ఖర్చు పెద్దగా లేదు. తుక్కు దుకాణాల్లో అలాంటి ముక్కలు ఈరోజుకీ కిలోల లెక్కన దొరుకుతాయి.