పిచర్ చెయ్యి, కోచ్ కన్ను

కాలిఫోర్నియాలో తెలుగు కుటుంబాలు బాగా స్థిరపడిన డబ్లిన్, దానికి తూర్పున ఉన్న లివర్‌మోర్ ఒకే కమ్యూనిటీ కాలేజీ జిల్లా కిందికి వస్తాయి. ఆ జిల్లాలోని షాబో కాలేజీలో బేస్‌బాల్ ఆడిన లివర్‌మోర్ కుర్రాడు మార్క్ డేవిస్‌ను 1979 జనవరి డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే ప్రక్రియలో) ఫిలడెల్ఫియా ఫిలీస్ జట్టు తీసుకుంది. పదేళ్లకు, 1989లో, అతను శాన్‌డియాగో పాడ్రేస్ తరఫున 44 సేవ్‌లు (జట్టు ఆధిక్యాన్ని కాపాడుతూ మ్యాచ్ ముగించడం) చేసి, లీగ్‌లో ఉత్తమ పిచర్‌కు (బంతి విసిరే ఆటగాడికి) ఇచ్చే సై యంగ్ అవార్డును నేషనల్ లీగ్‌లో గెలిచాడు. లివర్‌మోర్‌లోనే హైస్కూలు చదివిన రాండీ జాన్సన్‌కు ఆ అవార్డు అయిదుసార్లు వచ్చింది.

అమెరికాలో పిచర్‌కు ప్రొఫెషనల్ జట్టులోకి ప్రధాన దారి డ్రాఫ్టే. హైస్కూలు ముగియగానే ఒక అవకాశం ఉంటుంది. అది కాదనుకుని నాలుగేళ్ల కాలేజీలో చేరితే మూడో ఏడాది పూర్తయ్యేదాకానో, 21 ఏళ్లు నిండేదాకానో ఆగాలి. కమ్యూనిటీ కాలేజీ వాళ్లకు ఆ నిరీక్షణ లేదు. ఫీజు తక్కువ, ఆడే అవకాశం ఎక్కువ. జాన్సన్ 1982లో అట్లాంటా బ్రేవ్స్ పిలుపు కాదని సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చేరాడు. 1985లో మాంట్రియల్ ఎక్స్‌పోస్ అతణ్ని రెండో రౌండులో ఎంచుకుంది. ఎంపికయ్యాక కూడా చిన్న లీగుల మెట్లు ఒక్కొక్కటే ఎక్కాల్సిందే. చాలామంది అక్కడే ఆగిపోతారు.

పిచర్ నిలబడే మట్టిదిబ్బ ఎత్తు 10 అంగుళాలు. అక్కడి నుంచి హోమ్ ప్లేటుకు 60 అడుగుల 6 అంగుళాలు. క్రికెట్ బౌలర్‌లా పరుగెత్తి రావడానికి లేదు. మోచేతి వంపు మీద ఆంక్ష లేదు కానీ, వేగమంతా నిలబడ్డచోటి నుంచే పుట్టాలి. వెనక కాలితో నేలను తన్నడంతో మొదలైన బలం తుంటికి, నడుముకు, భుజానికి ఎక్కి చివరికి వేళ్లకు చేరుతుంది. చూపుడువేలు, నడిమివేలు కుట్లకు అడ్డంగా పెట్టి వదిలితే బంతి వెనక్కి తిరుగుతూ అంతగా కిందికి దిగదు; అదే ఫాస్ట్‌బాల్. ముందుకు తిప్పి వదిలితే బ్యాటర్ దగ్గరకొచ్చేసరికి జారిపోతుంది. అది కర్వ్‌బాల్, డేవిస్ ఆయుధం.

ఈ గొలుసులో ఎక్కడ తేడా వచ్చినా బంతి గురి తప్పుతుంది. 6 అడుగుల 10 అంగుళాల జాన్సన్ బంతికి వేగం పుష్కలం, అదుపే లేదు. 1990 నుంచి 1992 దాకా వరుసగా మూడేళ్లు అమెరికన్ లీగ్‌లో అందరికన్నా ఎక్కువ వాక్‌లు (గురి తప్పిన నాలుగు బంతులకు బ్యాటర్‌కు ఉచితంగా దక్కే బేస్) అతనివే. 1991లో ఏకంగా 152. 1992లో టెక్సస్ రేంజర్స్ పిచింగ్ కోచ్ టామ్ హౌస్, ఆ జట్టు దిగ్గజం నోలన్ రయన్ అతనికి ఒక లోపం చూపించారు. ముందుకాలు మడమ మీద పడుతోంది. దాంతో ఒంటి బరువు బ్యాటర్ వైపు కాకుండా పక్కకు పోతోంది. పాదం ముందుభాగం మీద దిగమన్నారు, అంతే. మరుసటి ఏడాది వాక్‌లు 99కి తగ్గాయి, స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైకులతో బ్యాటర్‌ను ఔట్ చేయడం) 308కి చేరాయి. చెయ్యి జోలికి పోకుండా కాలును సరిచేయడంలోనే కోచ్ పనితనం ఉంది.

హౌస్ కూడా జాన్సన్ చదివిన విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన పిచరే. 1967 డ్రాఫ్ట్‌లో ఎంపికై 1971-78 మధ్య పెద్ద లీగుల్లో ఆడాడు. ఆటగాడిగా అతణ్ని జనం గుర్తుపెట్టుకున్నది బంతి వేసినందుకు కాదు, పట్టినందుకు: 1974లో హాంక్ ఆరన్ కొట్టిన 715వ హోమ్ రన్ అతని చేతిలోనే పడింది. 2008లో ఉత్తరప్రదేశ్ జావెలిన్ కుర్రాళ్లు రింకూ సింగ్, దినేశ్ పటేల్‌లకు శిక్షణ ఇచ్చిందీ అతనే. బేస్‌బాల్ తెలియకుండా వెళ్లిన ఆ ఇద్దరూ నెలల్లోనే పిట్స్‌బర్గ్ పైరేట్స్‌తో ఒప్పందం సంపాదించారు. పెద్ద లీగు మాత్రం అందలేదు.

అందినా నిలుస్తుందని లేదు. అవార్డు వచ్చిన ఏడాదే డేవిస్ నాలుగేళ్లకు కోటీ 30 లక్షల డాలర్లకు కాన్సాస్ సిటీ రాయల్స్‌తో ఒప్పందం చేసుకున్నాడు. 1990లో అతనికి దక్కిన సేవ్‌లు 6. ఆట మానేశాక అరిజోనా డైమండ్‌బ్యాక్స్‌లోనూ, తర్వాత రాయల్స్ చిన్న లీగుల్లోనూ కుర్ర పిచర్లకు కోచ్‌గా పనిచేశాడు.