వరుసకు రెండే రంగులు

ఫెయిర్ ఐల్ స్వెట్టర్ చేతికి రాగానే ఎవరైనా ముందు రంగులు లెక్కపెడతారు. ఎనిమిదో పదో తేలతాయి. ఇన్ని ఊలు ఉండలు ఒక్కసారే పెట్టుకుని ఎలా అల్లారా అని నోరు తెరుస్తారు. తీరా దగ్గరగా చూస్తే ఏ వరుసలోనూ రెండు రంగులకు మించి ఉండవు. ఒకటి నేల రంగు, రెండోది దాని మీది బొమ్మ రంగు. ఆ వైభవమంతా ఈ ఒక్క కట్టుబాటులోంచే పుట్టింది.

ఫెయిర్ ఐల్ అంటే స్కాట్లాండుకు ఉత్తరాన, ఆర్క్నీకీ షెట్లాండుకీ నడుమ ఉన్న చిన్న దీవి. జనం వందమంది కూడా ఉండరు. 1588లో స్పెయిన్ ఓడ ఒకటి ఇక్కడ పగిలిపోయిందనీ, దాని నావికులే ఈ అల్లిక నేర్పారనీ ఒక కథ ఉంది. ఓడ పగిలిన మాట నిజమే. తక్కినదానికి ఆధారం లేదు. 1922లో బ్రిటన్ యువరాజు ఎడ్వర్డ్ సెయింట్ ఆండ్రూస్ గోల్ఫ్ మైదానంలో ఈ స్వెట్టర్‌తో కనిపించాక షోకిలా రాయుళ్లంతా దీని వెంట పడ్డారు. అంతకు ముందు కాలంలో షెట్లాండ్ ఆడవాళ్ల అల్లికకు వర్తకులు డబ్బివ్వకుండా టీపొడీ బట్టా చేతిలో పెట్టి పంపేవారు. ఆ పద్ధతి మీద 1872లో ప్రభుత్వ విచారణ జరిగింది. ఈ స్వెట్టర్ల సొగసు గురించి మాట్లాడేవాళ్లు ఈ సంగతి కూడా చెప్పాలి.

ఇక పనితనం. సున్నా, ఇంటూ గుర్తు, మళ్లీ సున్నా వచ్చే పెద్ద పట్టీ ఒకటి తీసుకుందాం. 15 వరుసలనుకోండి. కింది వరుసల్లో నేల ముదురు నీలం. రెండు మూడు వరుసలు కాగానే కాస్త లేత నీలం, ఆపైన ఇంకా లేత. బొమ్మ రంగు కూడా వరుసలతోపాటు మారుతూ పోతుంది, గోధుమ రంగులోంచి ఎరుపులోకి. ఎనిమిదో వరుస సరిగ్గా నడుమ వస్తుంది. అక్కడ ఒక్క వరుసకు మాత్రం పసుపు మెరిపిస్తారు. అక్కణ్ణుంచి వచ్చిన దారినే వెనక్కి, లేత నుంచి ముదురుకు. పట్టీల్లో వరుసల లెక్క సాధారణంగా బేసిలో ఉండేది ఇందుకే. నడిమి వరుస ఒకటి దొరకాలి.

ఇందులో కష్టమంతా ఎంపికలోనే ఉంది. ఉండలుగా పక్కపక్కన పెడితే ఎరుపూ ఆకుపచ్చా పోట్లాడుకుంటున్నట్టే ఉంటాయి. రెండిటి గాఢత ఒకటే అయితే మాత్రం అల్లాక బొమ్మ నేలలో కలిసిపోయి బురదలా తేలుతుంది. కంటికి కావలసింది ముదురు లేతల తేడా. ఇప్పటి అల్లికవాళ్లు ఉండల్ని వరసగా పెట్టి ఫోనులో నలుపు తెలుపు ఫొటో తీసి చూసుకుంటారు. ఫొటోలో ఒకటిగా కనిపించిన రెండు రంగుల్ని ఒకే వరుసలో వాడరు. వెనకటివాళ్లకు ఈ తేడా గొర్రెలే నేర్పి ఉంటాయని నా ఊహ. షెట్లాండ్ గొర్రెల ఉన్ని తెలుపు, బూడిద, తేనె రంగు, ఎర్రటి గోధుమ, నలుపు ఛాయల్లో సహజంగానే దొరుకుతుంది. అద్దకం లేకుండానే ఒక స్వెట్టర్ అల్లేయవచ్చు.

స్వెట్టర్‌ను ఒకసారి తిరగేసి చూడండి. పనిలో లేని దారం వెనకవైపు అడ్డంగా సాగుతూ కనిపిస్తుంది. బిగిస్తే బట్ట ముడతలు పడుతుంది, వదిలేస్తే వేలు తగులుకుంటుంది. పైగా వెనక రెండు దారాల్లో ఎప్పుడూ కింద నడిచేదే ముందువైపు కాస్త ఉబ్బి కనిపిస్తుంది. అందుకని బొమ్మ రంగు దారాన్ని మొదటినుంచి చివరిదాకా కిందే నడపాలి. మధ్యలో తారుమారైతే అదే బొమ్మ, అవే రంగులు, అయినా అక్కణ్ణుంచి వెలసినట్టుంటుంది. మంచి చేతి పని ఇక్కడ తెలిసిపోతుంది.

2010 నుంచి షెట్లాండులో ఊల్ వీక్ అనే ఉన్ని పండుగ జరుపుతున్నారు. సెప్టెంబరు చివర మొదలై అక్టోబరులోకి సాగుతుంది. ఏటేటా ఒక టోపీ డిజైను ముందుగా విడుదల చేస్తారు. దేశదేశాల అల్లికవాళ్లు దాన్నే తమకు నచ్చిన రంగుల్లో అల్లి, పెట్టుకుని లెర్విక్ ఊరికి దిగుతారు. సంక్రాంతికి ఒకే ముగ్గును వీధిలో ఇంటికో రంగున నింపినట్టు ఉంటుంది. 2015లో డిజైనరు డోనా స్మిత్ ఇచ్చిన టోపీ చుట్టూ గొర్రెలు నిలబడి ఉంటాయి. దాన్ని వేలమంది అల్లారు. ఆకాశాన్ని రాత్రి చేసినవాళ్లున్నారు, మందలో ఒక్కదాన్ని నల్లగొర్రె చేసినవాళ్లున్నారు. 2019లో ఆ వేడుక పెద్దరికం, అంటే పేట్రన్ గౌరవం, ఆలివర్ హెన్రీకి దక్కింది. ఆయన డిజైనరు కాడు, ఉన్నిని చేత్తో తడిమి రకాలు విడదీసే మనిషి. నాకు ఆ ఎంపిక భలే నచ్చింది.

మన ఎండల్లో ఊలు టోపీ ఎవరికంటారా? చికాగో చలిలో మనవాళ్లు తక్కువేం లేరు. అల్లిక వచ్చినవాళ్లు ఒకటి మొదలుపెట్టండి. మొదటి టోపీకి మూడు రంగులు చాలు. అందులో ఒకటి బాగా ముదురు, ఒకటి బాగా లేత ఉండేలా చూసుకోండి. మూడోది మీ ఇష్టం.